నా ప్రభుత్వం మెట్లు కడుగుతుంది

ఫ్రైబర్గ్‌లో చదువుకునే రోజుల్లో నేను ఏడాదిన్నర పాటు రాణిగా ఉన్నాను. గొప్పకు చెప్పుకోవడం లేదు, ఆ పదవిలో నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మొన్న వోల్ఫ్స్‌బర్గ్‌లో, మా ఆఫీసు క్యాంటీన్‌లో భోజనాల దగ్గర, పక్క దేశాల రాజుల మీదికి మాట మళ్ళింది. ఎన్నికలున్నాయి, పార్లమెంటుంది, ప్రధానమంత్రి ఉన్నాడు, ఇంకా రాజెందుకు, ఎవరో రాసిచ్చింది చదివి, ఎవరో చూపించిన చోట సంతకం పెట్టడానికా అని ఒకాయన నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ తర్వాత ముద్ద దిగలేదు. సంతకం పెట్టడం తేలిక పని అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫ్రైబర్గ్‌లో మేం అద్దెకున్న ఇంట్లో నలుగురం ఆడపిల్లలం, గుంటూరు, హైదరాబాద్, వరంగల్ అమ్మాయిలు ముగ్గురు, ఖమ్మం నుంచి నేను. గనుల చదువులకు పేరున్న పాత ఊరు అది. మూడో అంతస్తులో నాలుగు గదులు, ఒక వంటిల్లు, ఇద్దరు నిలబడితే నిండిపోయే బాల్కనీ. ఇంటి ఓనరు కింది అంతస్తులో ఉండే పెద్దాయన. నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోవడం తన వల్ల కాదనీ, కాంట్రాక్టు ఒక్కరి పేరు మీదే రాస్తాననీ మొదటిరోజే తేల్చేశాడు. అందరిలోకీ పెద్దదాన్ని నేను. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, ఇరవై ఎనిమిదేళ్ళకు మళ్ళీ పుస్తకాలు పట్టుకున్నాను. అందుకని నా పేరే రాశారు. కాంట్రాక్టులో పేరున్నవాళ్ళను ఇక్కడ హౌప్ట్‌మీటర్ అంటారు, అసలు కిరాయిదారు అన్నమాట. మిగతా ముగ్గురూ నా దగ్గర కిరాయికి ఉన్నట్టు లెక్క. కరెంటు నా పేరు, ఇంటర్నెట్ నా పేరు. ఆ ఊళ్ళో ఉంటున్నామని వాళ్ళు ఆఫీసులో ఆన్‌మెల్డుంగ్, అంటే నమోదు, చేయించుకోవాలన్నా నా సంతకమే కావాలి.

పేరు నాది కాబట్టి మాట కూడా నాదే అనుకున్నాను. హీటర్ ఎంతలో పెట్టాలి, ఎవరు ఎప్పుడు స్నానం చెయ్యాలి, పోపు పెట్టేటప్పుడు ఏ కిటికీ తెరవాలి, అన్నీ నేనే చెప్పేదాన్ని. చెప్పడం అంటే మెల్లగా కాదు. నాది ఖమ్మం గొంతు, కింది పెద్దాయనకు కూడా వినబడేది. రెండు నెలలు అలా సాగింది. ఒక శనివారం ఫ్రిజ్ సర్దుతూ, గుంటూరమ్మాయికి వాళ్ళమ్మ పంపిన గోంగూర పచ్చడికి బూజు పట్టిందని, ఎవరినీ అడక్కుండా చెత్తలో పారేశాను. అది బూజు కాదు. చలికి తెల్లగా గడ్డకట్టిన వేరుశనగ నూనె.

ఆ సాయంత్రం ముగ్గురూ వంటింట్లో నన్ను కూర్చోబెట్టారు. గుంటూరమ్మాయి గోడకేసి చూస్తూ కూర్చుంది. హైదరాబాద్ అమ్మాయి తను ఇల్లు మారిపోతానంది. అప్పుడు నోరు విప్పింది వరంగల్ అమ్మాయి.

ఈ అమ్మాయి గురించి చెప్పాలి. జియాలజీలో డిగ్రీ అయ్యాక మూడేళ్ళు గ్రూప్స్‌కి కోచింగ్ తీసుకుంది. ఉద్యోగం రాలేదు గానీ పాలిటీ పుస్తకం మాత్రం మొత్తం తలలో ఉండిపోయింది. రాళ్ళ గురించి ఎంత ప్రేమగా మాట్లాడేదో రాజ్యాంగాల గురించీ అంత ప్రేమగా మాట్లాడేది. చిన్న గొంతు, పెద్ద కళ్ళద్దాలు. ఏ గొడవలోనైనా ముందు కాగితం, పెన్ను తెచ్చుకునేది. ఆ రోజు సూపర్ మార్కెట్ పాంప్లెట్ వెనకాల మా ఇంటి రాజ్యాంగం రాసింది.

మనది ఇక నుంచి పార్లమెంటరీ రాచరికం అని ప్రకటించింది. రిపబ్లిక్ అని ఎందుకు పెట్టకూడదని నేనే అడిగాను.

"రిపబ్లిక్ అయితే నిన్ను ఎన్నుకోవాలె గదక్క. నీకు ఎవ్వరు ఓటెయ్యరు. కానీ కాంట్రాక్ట్ నీ పేరు మీద ఉన్నది, తీసేద్దామంటే తీసెయ్యలేం. గందుకే నువ్వు రాణివి."

గోడకేసి చూస్తున్న గుంటూరమ్మాయి కూడా నవ్వింది. నాకు కోపం రావాల్సింది, రాలేదు.

మన పాఠ్యపుస్తకాల్లో ఉండే మాటలే వాడింది. నామమాత్రపు కార్యనిర్వాహక వర్గం నేను, వాస్తవ కార్యనిర్వాహక వర్గం వాళ్ళు. అన్నీ రాణి పేరు మీదే జరుగుతాయి, రాణి ఏదీ చెయ్యదు. ముగ్గురిలో ఎవరి వెనక ఇద్దరుంటే వాళ్ళను రాణి పిలిచి ప్రధానమంత్రిని చెయ్యాలి. తనకు ఇష్టమా కాదా అన్న లెక్క లేదు. ప్రధానమంత్రి శాఖలు పంచుతుంది. ఇద్దరికి నమ్మకం పోయిన రోజు ఆమె దిగిపోతుంది, రాణికి కోపం వచ్చినంత మాత్రాన దిగదు. రాణికి ఓటు లేదు.

గుంటూరమ్మాయి ప్రధానమంత్రి అయింది. మా అందరిలో జర్మన్ బాగా వచ్చింది ఆమెకే, కాబట్టి ఓనరుతోనూ ఆఫీసులతోనూ మాట్లాడే విదేశాంగం తన దగ్గరే ఉంచుకుంది. వంటిల్లు హైదరాబాద్ అమ్మాయికి, చెత్త, మెట్లు వరంగల్ అమ్మాయికి వచ్చాయి. మంగళవారం సాయంత్రాలు కేబినెట్. నెల మొదటి రోజున నేను కుర్చీ ఎక్కి నిలబడి ప్రధానమంత్రి రాసిచ్చిన ప్రసంగం చదవాలి. "నా ప్రభుత్వం ఈ నెల ఫ్రిజ్ కడుగుతుంది. నా ప్రభుత్వం మెట్లు కడుగుతుంది. స్నానాల గదిలో జుట్టు విషయంలో నా ప్రభుత్వం కఠినంగా వ్యవహరిస్తుంది." నాకు ఇష్టంలేని వాక్యం కావాలని ఒకటి పెట్టేవాళ్ళు. అది చదువుతున్నప్పుడు నా ముఖం చూడ్డానికే ముగ్గురూ సరిగ్గా టైముకి వచ్చేవాళ్ళు. ఒకసారి హీటర్ గొడవలో ప్రభుత్వం పడిపోయి హైదరాబాద్ అమ్మాయి ప్రధాని అయింది. తొమ్మిది రోజులు పొద్దునా సాయంత్రం పాస్తానే పెట్టింది. పదో రోజుకి అందరికీ గుంటూరు మీద మళ్ళీ నమ్మకం కుదిరింది.

నాకు మిగిలినవి రెండు పనులు. ఒకటి సంతకం. దానికీ ఒక నియమం పెట్టింది వరంగల్ అమ్మాయి. నా సంతకం కింద ప్రధానమంత్రి సంతకం కూడా ఉంటేనే మా ఇంట్లో ఆ కాగితం చెల్లుతుంది. ఎందుకని అడిగితే, రాణి తప్పు చెయ్యదు కాబట్టి అంది. చెయ్యదంటే మంచిదని కాదట. రాణి పేరు మీద జరిగిన ప్రతిదానికీ మంత్రే జవాబు చెప్పుకోవాలి, తిట్లు మంత్రే తినాలి, రాణిని ఎవరూ ఏమీ అనకూడదు. కింద సంతకం పెట్టినవాళ్ళే ఆ బరువు మోస్తారు.

రెండోది ఆదివారం చాయ్. వారానికోసారి పొద్దున్నే ప్రధానమంత్రి బాల్కనీలో రాణిని కలిసి సంగతులన్నీ చెప్పాలి. రాణి సలహా చెప్పవచ్చు, భుజం తట్టవచ్చు, ఇది మంచిది కాదని హెచ్చరించవచ్చు. అంతకు మించి ఏమీ లేదు. అక్కడ మాట్లాడుకున్నది బాల్కనీ దాటి రాకూడదు, మిగతా ఇద్దరికీ చెప్పకూడదు. చలికాలంలో కూడా దుప్పట్లు కప్పుకుని అక్కడే తాగేవాళ్ళం. చెత్త బుట్టల మీదుగా పొలాలు కనిపించేవి. గుంటూరమ్మాయి అన్నీ వివరంగా చెప్పేది, నేను ఊఁ కొట్టేదాన్ని. నా జీవితంలో అంత హాయిగా ఎవరి మాటా విన్నట్టు గుర్తు లేదు. అరిచే పని లేకపోతే మనిషికి ఎంత తెరిపి ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఆ తెరిపిలోనే నేను చెడిపోయాను.

మార్చి నెల. మంచు కరుగుతోంది. జారకుండా దారుల మీద చల్లిన సన్నటి కంకర బూట్లకంటుకుని మెట్ల మీదికి వచ్చేది. ఆ భవనంలో మెట్లు కడగడం ఒక్కో వారం ఒక్కో ఇంటి వంతు. ఎవరి వంతు వస్తే వాళ్ళ తలుపుకి చిన్న చెక్కపలక తగిలిస్తారు. మా వంతు వచ్చింది, పలక వేలాడింది, మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. నెల రోజుల్లో రెండుసార్లు మా వంతు అలాగే పోయింది. ఓనరు దగ్గర్నుంచి నా పేరు మీద ఉత్తరం వచ్చింది. మామూలు ఉత్తరం కాదు, అబ్‌మానుంగ్. మళ్ళీ జరిగితే కాంట్రాక్టు రద్దు చెయ్యాల్సి వస్తుందని చెప్పే హెచ్చరిక.

నా థీసిస్ చివరికొచ్చింది. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉద్యోగం ఖాయమైంది, వీసా కాగితాలు నడుస్తున్నాయి. ఆ సమయంలో నా పేరు మీద అటువంటి ఉత్తరం చూసేసరికి గుండె గుభేలుమంది. ఆ ఉత్తరానికీ నా వీసాకీ ఏ సంబంధమూ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు అడిగి తెలుసుకునే ఓపిక లేదు.

మెట్ల శాఖ ఎవరిదో మీకు తెలుసు. వరంగల్ అమ్మాయి ఆ నెల రోజులుగా గదిలోంచి సరిగ్గా బయటికి రావడం లేదు. మధ్యాహ్నమైనా కిటికీ షటర్ దించే ఉండేది. వంటింట్లో ఆమె వాటా అన్నం మూతపెట్టి ఉంటే మరునాడూ అలాగే ఉండేది. నేను చూశాను. చూసి, ఇది వంటింటి శాఖ సంగతి, లేదా మెట్ల శాఖ సంగతి, రాణి కల్పించుకోకూడదు అనుకున్నాను. అనుకోవడానికి ఎంత సులువుగా ఉండిందో.

ఆ ఆదివారం బాల్కనీలో, గుంటూరమ్మాయి ఇంకా చాయ్ వంచుతుండగానే ఉత్తరం చూపించి, ఆ పిల్ల ఈ ఇంట్లో ఉన్నంతకాలం నాకు నిద్రపట్టదు, ఎట్లా పంపిస్తావో నువ్వే చూడు అన్నాను. సలహా కాదు అది, హెచ్చరికా కాదు. గుంటూరమ్మాయి చాయ్ గిన్నె కింద పెట్టింది. ఇంకోసారి ఆలోచించండక్కా అంది. ఆలోచించాను అన్నాను. ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మంగళవారం కేబినెట్‌లో ఆమె ఆ ప్రతిపాదన తనదిగానే పెట్టింది. ఓనరు ఉత్తరం చదివి వినిపించి, ఇంటి మంచి కోసం తానే ఈ నిర్ణయానికి వచ్చానని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. హైదరాబాద్ అమ్మాయి అటూ ఇటూ చూసి, తల దించుకుని చెయ్యెత్తింది. వరంగల్ అమ్మాయి దుప్పటి భుజాల చుట్టూ కప్పుకుని తన కుర్చీలో కూర్చుని ఉంది. ఎందుకు కడగలేదో చెప్పలేదు, ఉండనివ్వమని అడగలేదు. రెండు చేతులనూ లెక్కపెట్టినట్టు చూసి, "మెజారిటీ వచ్చింది" అని తనే అంది. నేను నోరు మెదపలేదు. రాణి కేబినెట్‌లో మాట్లాడకూడదు కదా.

బుధవారం పొద్దున ఉత్తరం తయారైంది. రెండు నెలల్లో గది ఖాళీ చెయ్యాలని నాలుగు వరుసల జర్మన్. నేను సంతకం పెట్టాను. దాని కింద గుంటూరమ్మాయి పెట్టింది. ఆమె పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. నేను మాత్రం ఒక్క గీతలో పెట్టేశాను, అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వరంగల్ అమ్మాయి వంటింట్లోకి వచ్చి, నిలబడే కాగితం అందుకుంది. కళ్ళద్దాలు పైకి తోసుకుని మొత్తం చదివింది. ఒక అక్షరం తప్పు పడిందని గుంటూరమ్మాయికి చూపించి, తనే పెన్నుతో దిద్దింది. తర్వాత నా వంక చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో మరి, దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు మంచులా ఉన్నాయి.

"నువ్వు బాధపడకు అక్క. నువ్వు పెట్టక తప్పదు. పెట్టకపోతే ఇగ రాజ్యాంగం ఎందుకు? కింద ఆమె సంతకం ఉన్నది సూడు, బాధ్యత ఆమెది. నీ తప్పు ఏం లేదు."

గుంటూరమ్మాయి స్టవ్ దగ్గర నిలబడి ఉంది. తలెత్తలేదు. కాదు అనలేదు. ఇంకా మరగని చాయ్ గిన్నె కేసి అలాగే చూస్తోంది. ఇల్లు వదిలి పోతున్న పిల్ల నన్ను ఓదారుస్తోంది, చెయ్యని పనికి ఇంకో పిల్ల నింద మోస్తోంది, మధ్యలో నేను, ఇద్దరి కంటే పెద్దదాన్ని, చెయ్యి పట్టుకోనిచ్చి ఓదార్పు పొందుతున్నాను.

"ఆమె కాదు. ఆదివారం నేనే అడిగిన, నిన్ను పంపించమని. ఆమె వద్దన్నది."

గుంటూరమ్మాయి చప్పున ఇటు తిరిగింది. "బాల్కనీలో మాట బయటికి చెప్పకూడదక్కా," అంది మెల్లగా. కోప్పడటానికి కాదు. అప్పటికీ ఆమె నన్ను కాపాడటానికే చూస్తోంది.

వరంగల్ అమ్మాయి నా చెయ్యి వదిలేసింది. కుర్చీలో కూర్చుంది. కాగితాన్ని బల్ల మీద పెట్టి, మడతలు పడకుండా అరచేత్తో సాపు చేస్తూ ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. కాగితం మీంచి చూపు తియ్యకుండానే అంది.

"నువ్వు రాణివి అయినప్పటి సంది నాతోని మాట్లాడుడు బంద్ చేసినవ్ అక్క. అంతకుముందు ఎన్ని తిట్లు తిట్టేదానివి. తిన్నవా, పండుకున్నవా, చెవులకు టోపీ ఏది అనుకుంట. గీ రాజ్యాంగం రాసి నేనే నీ నోరు మూసిన."

నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. ఏమైంది నీకు అని అడిగాను. నెల రోజుల తర్వాత అడిగాను. ఎందుకు తినడం లేదు, ఆ షటర్ ఎందుకు తియ్యడం లేదు అని అడిగాను.

మూడోసారి కూడా ఫెయిలైందట. ఒకే సబ్జెక్టు. ఇక్కడ మూడుసార్లు పోతే ఆ కోర్సులో ఇక చోటుండదు, యూనివర్సిటీ పేరు తీసేస్తుంది. పేరు తీసేస్తే చదువు కోసమిచ్చిన వీసా ఏమవుతుందో తెలియదు. ఫలితం చూసుకున్న రోజు మా తలుపుకి చెక్కపలక వేలాడుతోందట. బకెట్ నింపుకుని, తలుపు దాకా తెచ్చి, మెట్ల మీద తోటి విద్యార్థులు ఎవరైనా ఎదురై రిజల్ట్ ఏమైందని అడుగుతారేమోనని వెనక్కి పోయి పడుకుందట. ఆ తర్వాత లేవలేకపోయింది. ఏ ఆఫీసు నుంచి ఏ ఉత్తరం వచ్చినా ఈ అడ్రసుకే రావాలి, ఈ ఇల్లూ పోతే ఆ ఉత్తరాలు ఎక్కడికొస్తాయో కూడా తెలియదు. అయినా ఉండనివ్వమని అడగలేదు. మెజారిటీ వచ్చింది కదా అంది.

గుంటూరమ్మాయి బల్ల మీది కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. ఆ మధ్యాహ్నమే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులకు సలహా చెప్పే ఆఫీసుకి ఫోన్ చేసి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుంది. హైదరాబాద్ అమ్మాయి తన గది తలుపు దగ్గర నిలబడి అంతా విన్నదేమో, బకెట్ పట్టుకుని మెట్లు కడగడానికి వెళ్ళింది. నేను కిందికి వెళ్ళి, మా ఇంట్లో ఒకమ్మాయికి ఒంట్లో బాగోలేదని నాకొచ్చిన జర్మన్‌లో ఓనరుకి చెప్పాను. ఆయన అంతవరకూ ఎప్పుడూ అడగని మాట అడిగాడు, ఏ అమ్మాయి అని. మొదటిసారి ఆయనకు ఆమె పేరు చెప్పాను. రెండుసార్లు పలికి నేర్చుకున్నాడు.

ఆమె ఆగస్టు దాకా ఆ గదిలోనే ఉంది. తర్వాత వేరే ఊళ్ళో, రాళ్ళూ మట్టీ పరీక్షించే ఒక ల్యాబ్‌లో పని నేర్చుకునే శిక్షణ దొరికింది. అదంతా మెల్లగా, ఎన్నో టెర్మిన్లయ్యాక జరిగింది. ఇప్పుడు బాగానే ఉంది.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ బుధవారమే. అంతా విన్నాక నేను కంచంలో అన్నం పెట్టుకొచ్చాను. తింటావా తినవా అని అడగలేదు. తిట్టడం మొదలుపెట్టాను. మూడుసార్లు ఫెయిలైనదానివి ముందు వచ్చి చెప్పొద్దా, పక్క గదిలో ఒక మనిషి ఉన్నది కనబళ్ళేదా, నెల రోజులు తిండి లేకుండా పడుంటే నీకేమన్నా అయితే మీ అమ్మకి ఏం చెప్పాలె నేను. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, కిందింటి దాకా వినబడేలా తిట్టాను. ఆమె కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, వింటూ తింటూ ఉంది. మాటలు అయిపోయి నేను ఆగితే, ముద్ద నోట్లో ఉండగానే తలెత్తి చూసింది.

"ఆపకక్క. ఇంకా తిట్టు."